ఖాళీగా వదిలిన చోటు

రోజు 138

గాలి నైరుతి నుంచి, ఓ మోస్తరుగా. రెక్కలు మూడూ తిరుగుతున్నాయి. మంచినీటి తొట్టి ముప్పాతిక ఉంది. కెమెరా అద్దాల మీద ఉప్పు తుడిచాను. మర కాళ్లలో రెండోదానికి గుల్లలు పట్టాయి, రేపు గీకాలి.

ఇతర విషయాలు: నడిసముద్రంలో ఈ పదిహేడో గాలిమర మీద నాకు ముందు కాపలా ఉన్నవాళ్లంతా ఈ గడిలో "ఏమీ లేవు" అని రాసి ఊరుకున్నారు. ఒకాయన రెండు వందల రోజులు "ఏమీ లేవు" అని రాసి, ఆ మర్నాడు "ఇంకా ఏమీ లేవు" అని రాశాడు. ఆ "ఇంకా" చదివాక ఆయన ఎవరో తెలియకపోయినా ఆపేక్ష కలిగింది. అందుకే నేను ఈ గడి నిండా రాస్తాను. చదివేవాళ్లు విసుక్కుంటే, తిట్టుకోవడానికి నా పేరు సుధేష్ణ, చిత్రకళాశాల ఆఖరి ఏడాది, సేవా ఏడాది కింద ఇక్కడికి వచ్చాను.

బిస్కెట్ల డబ్బాలో ఒక పాత నిఘంటువు దొరికింది. మొదటి సగం పురుగులు తినేశాయి. "ప" నుంచి ఉంది. "ఒంటరి" అన్న మాటకు ఏం అర్థం రాశారో చూద్దామనుకున్నాను, అది పోయిన పేజీల్లో ఉంది. రోజుకు ఒక పేజీ చదువుతున్నాను. ఈ రోజు "వెలితి" దగ్గర ఆగిపోయాను. పాత్ర అంచు దాకా నిండకుండా పైన మిగిలిన చోటు అట. ఇన్నాళ్లూ నేను దాన్ని బాధకు పేరనుకున్నాను. అది ఒక చోటు! చోటయితే బొమ్మ వేయవచ్చు.

వేశాను. కింద ఎడమ మూల ఒక కంచం, ఒక గ్లాసు, దాని నీడ, నేల పలకల అతుకులు. వాటి వెనక రెయిలింగు, రెండు పొడుగాటి గీతలు, కుడి అంచు దాకా. అంతే. నేను గీసి పంపే పలకలో మిగిలిన ముప్పాతిక ఖాళీ. ఒడ్డుకు సంకేతాలు పోయే దారి పొద్దున ఎనిమిదికి మూడు నిమిషాలు తెరుచుకుంటుంది. అందులో మాటలయితే రెండు వందలు, బొమ్మయితే నూట ఇరవై గీతలు పడతాయి. నేను ఇరవై మూడే వాడాను. మిగిలిన తొంభై ఏడు గీతలూ చేతిలో ఉండి కూడా గీయకపోవడం ఎంత కష్టమో! నాలుగేళ్లలో నేను వేసిన మొదటి బొమ్మ ఇదే అనిపించింది. అంతకు ముందువి మార్కులకు వేశాను.

మా కళాశాల తాయారు మేడంకి పంపాను.

రోజు 140

గాలి అలాగే ఉంది. గుల్లలు గీకాను. అరచేయి కోసుకుపోయింది, కట్టు కట్టుకున్నాను.

ఇతర విషయాలు: మేడం నుంచి జవాబు వచ్చింది. ఇక్కడ దాచుకోవాలని మాట మాటా ఎక్కిస్తున్నాను.

"అమ్మాయ్, నీ బొమ్మ చూసి స్టాఫ్ రూములో అందరం లేచి నిలబడ్డాం. కొత్త జెట్టీ గోడ మీద వేయడానికి ఈ ఏడాది మన విద్యార్థుల బొమ్మల్లో నీదే ఎంచుకున్నారు. భానోజీది రెండోది. గోడ పని నువ్వు దగ్గరుండి చూడాలి కాబట్టి నీ సేవాకాలం ఇంతటితో సరి. పద్దెనిమిది రోజుల్లో నీ కోసం ప్రత్యేకంగా బోటు వస్తుంది. గోడకు సున్నం, మొదటి గీతలు ఈలోపే మొదలుపెట్టిస్తాం."

ఇంకా రెండు వందల ఇరవై అయిదు రోజులు ఉండాల్సినదాన్ని. పద్దెనిమిది! మర చుట్టూ ఏడుసార్లు పరుగెత్తాను. చెప్పడానికి ఎవరూ లేకపోతే సంతోషం కాళ్లలోకి దిగుతుందని తెలిసింది.

రోజు 143

గాలి తక్కువ. సామాను వచ్చింది: బియ్యం, చింతపండు, ఎండుచేపలు, రెండు గ్యాసు బుడ్లు.

ఇతర విషయాలు: సామాను బోటు నూకయ్య బాబాయి వచ్చాడు. ఆయన బోటు ఒడ్డున బయలుదేరి నలభై మరలూ చుట్టి నలభై రోజులకు మళ్లీ ఒడ్డు చేరుతుంది. మాది పదిహేడో నంబరైనా ఆయన దారిలో మొదటి మర. నిచ్చెన ఎక్కి రాగానే నన్ను చూసి ఆగాడు.

"ఏటి పాపా, అలగ సూత్తన్నావు? మనిసివేనా?"

"మనిషినే బాబాయ్. నలభై రోజులైంది మనిషి మొహం చూసి."

"నా మొకం సూసి మనిసి మొకం అంటన్నావంటే నీకు నిజంగానే మతి పోనాది."

నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. నవ్వడం కూడా అలవాటు తప్పుతుంది కాబోలు.

బస్తాలు దించాక ఆయన బనీను లోపలి నుంచి ఒక గొట్టం తీశాడు. "మీ మేడమ్మ ఇమ్మన్నాది. నీ బొమ్మంట. అచ్చేసి ఊరంతా అంటించేరు." అని విప్పి, తనే ముందు చూశాడు. "బాగుంది పాపా. బోటు నాదేనా? మరి నాది నీలం గదా, ఎర్రగేసేవేటి?"

"నేను బోటు వేయలేదు బాబాయ్."

"మరెవలేసేరు?"

చేతిలోకి తీసుకున్నాను. బొమ్మలో పొద్దు పొడుస్తోంది. నాలుగు సముద్రపు కాకులు ఎగురుతున్నాయి. ఎర్ర బోటు వస్తోంది. రెయిలింగు మీద మోచేతులు ఆనించి ఒక అమ్మాయి నిలబడి ఉంది, జడ గాలికి ఎగురుతోంది, నవ్వుతోంది. కంచంలో అన్నం, పప్పు, పక్కన వేయించిన చేప కూడా ఉన్నాయి. గ్లాసులో మజ్జిగ.

కింద నా పేరు ఉంది.

"ఏటలాగయిపోనావు?" అన్నాడు నూకయ్య బాబాయి. "సేప బాగానే ఉంది గదా."

రోజు 144

గాలి తక్కువే. నీరు సగం.

ఇతర విషయాలు: ఇది పూరకం చేసిన పని. ఒడ్డున దారి చివర ఉండే యంత్రం అది. మేం మర కాళ్ల పగుళ్ల బొమ్మలు పంపినప్పుడు గాలివానకు సగం ముక్కలు దారిలో పోతుంటాయి. పోయిన చోట ఏముండాలో పూరకం ఊహించి నింపుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎంత నింపుతుందో మాత్రం ఎవరూ చూడలేదు. గీసినవాళ్లు ఈ చివర ఉంటారు, చూసేవాళ్లు ఆ చివర ఉంటారు. మాటల జోలికి మాత్రం అది రాదు, అవి చిన్నవి కాబట్టి చెక్కుచెదరకుండా పోతాయి.

నేను ఖాళీగా వదిలిన చోటు దానికి దారిలో పోయిన చోటులా కనిపించింది. ముప్పాతిక బొమ్మ పోయిందని పాపం ఎంత కష్టపడిందో!

నేను రోజూ తినే కంచం ముందు కూర్చుని, ఎదురుగా ఏం కనబడుతుందో అదే వేశాను. అంటే ఏమీ కనబడకపోవడాన్ని వేశాను. అది ఎవరికీ చేరలేదు.

మేడంకి మాటల్లో రాశాను: "బొమ్మలో కంచం, గ్లాసు, రెయిలింగు నావి. మిగిలినదంతా పూరకానిది. అది నా బొమ్మ కాదు."

రోజు 145

గాలి తూర్పుకు తిరిగింది.

ఇతర విషయాలు: మేడం జవాబు. "వినయం మంచిదే అమ్మాయ్, మరీ ఇంత అక్కర్లేదు. దారిలో నాలుగు గీతలు పోతే పూరకం అతికించి ఉంటుంది. అతుకు ఎక్కడుందో నాకు కనబడలేదు. ఆ అమ్మాయి నవ్వు నీదే, నాలుగేళ్లు చూశాను. బట్టలు సర్దుకో."

నేను ఎప్పుడూ అలా నవ్వలేదు. నాకు కింది పన్ను ఒకటి వంకర. నోరు మూసుకుని నవ్వుతాను.

రోజు 148

మూడు రోజులుగా గాలి హెచ్చు. రెండో రెక్కకు బిగింపు వదులైతే బిగించాను.

ఇతర విషయాలు: మూడు రోజులూ పూరకంతో కుస్తీ పట్టాను. నేను పంపిన బొమ్మ ఆ చివర ఎలా తేలిందో చెప్పమని నా క్లాసువాడు భానోజీని అడిగాను. మొదటి రోజు, ఖాళీ చోటు పోయిన చోటు కాదని తెలియాలని దాని చుట్టూ గీత గీసి గడి కట్టాను. రెండో రోజు ఖాళీ నిండా సన్నటి చుక్కలు పెట్టాను. మూడో రోజు పెద్ద అక్షరాలతో "ఖాళీ" అని రాశాను.

భానోజీ రాసింది: "ఏటే సుధేష్ణా, గెలిచాక కూడా బొమ్మలు పంపి చంపుతున్నావు? మొన్నటిది కిటికీ, పూల కర్టెను. నిన్నటిది వాన, బాగుంది. ఈ రోజుది పెద్ద ఓడ, దాని పేరు 'ఖాళీ'. ఓడకి ఆ పేరేంటే? ఎవరెక్కుతారు?"

ఒక్కదాన్నే మర మీద పడి పడి నవ్వాను. తరవాత అక్కడే కూర్చుండిపోయాను.

రోజు 149

గాలి తగ్గింది. నీరు సగం కన్నా తక్కువ.

ఇతర విషయాలు: బట్టలు సర్దుకున్నాను. దాచడం దేనికి? రాసేస్తాను. చెప్పాల్సింది చెప్పాను, వాళ్లు నమ్మలేదు, తప్పు నాది కాదు. తొమ్మిది రోజుల్లో బోటు వస్తుంది. ఒడ్డుకు దిగి, పలక చూపించి, అప్పుడు నిజం చెప్పవచ్చు. అప్పటికి గోడ మీద ఆ అమ్మాయి జడ ఎగురుతూ ఉంటుంది. సున్నం చెరిపి మళ్లీ వేయమని ఎవరు అంటారు? నేనూ అనను. అది నాకిప్పుడే తెలుసు.

జెట్టీలో దిగగానే మా వీధి చివర టీ తాగాలి. ఎవరో ఒకరు నా భుజానికి తగిలి "చూసుకుని నడవమ్మా" అనాలి. అది వినాలని ఎంత ఆశగా ఉందో రాయడానికి "ప" తరవాత మాటలు చాలడం లేదు.

రోజు 150

గాలి నైరుతి. అద్దాలు తుడిచాను.

ఇతర విషయాలు: పొద్దున భానోజీ రాశాడు.

"ఒక మాట చెప్పాలి. నువ్వు వెళ్లిన కొత్తలో క్లాసులో అందరం నీ గురించి దిగులు పడేవాళ్లం. మేడం అయితే నీ నుంచి మాట వచ్చేదాకా ఎనిమిదింటికి గంట కూడా కొట్టనిచ్చేవారు కాదు. నీ బొమ్మ చూశాక అందరికీ గుండె బరువు దిగింది. అక్కడ హాయిగా ఉన్నావు కదా. ఇప్పుడు గంట టైముకే కొడుతున్నారు."

నాలుగుసార్లు చదివాను.

గోడ పోతే పోయింది. ఆ బొమ్మ నన్ను తీసేసి నా చోట్లో ఇంకో అమ్మాయిని నిలబెట్టింది. వాళ్లు దిగులు పడుతున్న మనిషిని నేను. దిగులు మానేసింది ఆ అమ్మాయిని చూసి. అలా వెళ్లి బోటు దిగితే వాళ్లు నాకు కాదు, ఆమెకే ఎదురొస్తారు. "ఎలా ఉంది అక్కడ?" అని కూడా ఎవరూ అడగరు, చూసేశారు కదా.

సంచి విప్పి బట్టలు మళ్లీ అలమరలో పెట్టాను.

సాయంత్రం నూకయ్య బాబాయి రేడియోలో పలికాడు. ఆయన ఇంకా ఇరవై నాలుగో మర దగ్గరే ఉన్నాడు, అక్కడి దాకా గొంతు అందుతుంది. జరిగింది చెప్పాను.

"అయితే ఆ పలక నాకియ్యి, అట్టుకెల్తాను," అన్నాడు.

"నువ్వు ఒడ్డుకెళ్లేసరికి నెల దాటుతుంది బాబాయ్. గోడ ఆరిపోయి ఉంటుంది."

"మరయితే బొమ్మెందుకు పంపడం? సెప్పు."

"చెప్పాను కదా, నమ్మలేదు."

"బొమ్మ నాది కాదని సెప్పేవు. నీ బొమ్మ ఎలగుంటాదో సెప్పలేదు." కొంచెంసేపు గరగరమంది, ఇంజను చప్పుడో ఆయన గొంతో తెలియలేదు. "మా యమ్మ ముగ్గులెలగ నేర్సుకుందో తెల్సా? ఫోన్లో. మా పెద్దమ్మ ఆ పక్క నుంచి సెప్పేది, పదిహేను సుక్కలు, సందు సుక్క, ఎనిమిది కాడ ఆపు అని. మా యమ్మ ఈ పక్క గుమ్మంలో ఏసేది. నాను దీపం అట్టుకునీవోడిని."

"అప్పట్లో ఫోన్లో బొమ్మలు కూడా పంపేవారుగా?"

"మా పెద్దమ్మకి మాటలొచ్చు గాని ఆ మీటలు రావు. అయినా ముగ్గు తేడా రాలేదే ఎప్పుడూ. ఒకపాలి మాత్రం పద్మం బదులు పీత వచ్చినాది. మళ్లీ ఫోన్ సేసి అడిగినాది మా యమ్మ."

రోజు 151

గాలి నైరుతి. మిగతావన్నీ నిన్నటిలాగే.

ఇతర విషయాలు: పంపిన మాటలు ఇవి.

"మేడం, గోడకు భానోజీ బొమ్మ తీసుకోండి. నా కోసం బోటు పంపకండి. నా బొమ్మ చూడాలంటే దయచేసి మీ చేత్తో వేయండి. నేను చెబుతాను. సుద్దముక్క తీసుకుని క్లాసు నేల మీద కూర్చోండి. తలుపు మీకు కుడివైపు ఉండాలి. ఎడమ గోడ నుంచి మూరెడు, మీ మోకాళ్ల నుంచి జానెడు దూరంలో సుద్ద పెట్టండి. అక్కడ అన్నం కంచం అంత సున్నా చుట్టండి. దాని లోపల బెత్తెడు తగ్గించి ఇంకో సున్నా. ఇది కంచం. లోపల ఏమీ వేయకండి. కంచానికి కుడిపక్క నాలుగు వేళ్ల దూరంలో గ్లాసు. నిలువు గీతలు రెండు, పైన కోడిగుడ్డు లాంటి సున్నా. గ్లాసు కంచం కన్నా కొంచెం వెనక్కి ఉండాలి, చేయి చాపితే అందేలా. మిగతాది రేపు."

రాయడానికి నాలుగు గంటలు పట్టింది. గీసినప్పుడు గ్లాసు అక్కడ ఎందుకు పెట్టానో నాకు తెలియదు. "చేయి చాపితే అందేలా" అని రాసినప్పుడు తెలిసింది. అంటే ఆ బొమ్మలో ఒక చేయి ఉంది, నాది, కనబడకుండా.

రోజు 152

గాలి లేదు. రెక్కలు ఆగాయి. బ్యాటరీ మీద నడుస్తోంది.

ఇతర విషయాలు: ఈ రోజు పంపిన మాటల్లో గ్లాసు నీడ, నేల పలకల అతుకులు, రెయిలింగు కింది గీత. పద్దెనిమిది గీతలయ్యాయి. ఒడ్డు నుంచి మాట లేదు.

రోజు 153

గాలి లేదు.

ఇతర విషయాలు: ఆఖరి అయిదు గీతలు. చివర ఇలా రాశాను: "రెయిలింగు పై గీత అంచు దాకా పోవాలి. గీత వంకర పోయినా ఆపకండి, నాదీ వంకర పోయింది. ఇక్కడితో ఇరవై మూడు. ఇరవై నాలుగోది లేదు. మిగిలిన నేల అంతా అలాగే ఉంచండి. ఏదైనా వేయాలనిపిస్తే సుద్ద పక్కన పెట్టి కాసేపు కూర్చోండి. నేనూ అలాగే కూర్చున్నాను."

ఒడ్డు నుంచి మాట లేదు.

రోజు 154

గాలి సన్నగా మొదలైంది. నీరు పావు వంతు.

ఇతర విషయాలు: భానోజీ. "గోడ నాకిచ్చారు. నీ మీద కోపంగా ఉంది. 'సుధేష్ణ వదిలేస్తే వీడికొచ్చింది' అని క్యాంటీనులో అంటున్నారు. నువ్వు గొప్పదానివైపోయావు, నేను మిగిలిందానికి ఆశపడ్డవాణ్నయ్యాను. ఏం సాధించావే?"

జవాబు రాయలేదు. వాడి కోపం నిజమే. బోటు రాదని కూడా ఈ మాటతోనే ఖాయమైంది. రెండు వందల పదకొండు రోజులు. వంట చేయబుద్ధి కాలేదు. నానబెట్టిన అటుకులు తిన్నాను.

మేడం నుంచి ఏమీ లేదు. ఒకవేళ వేసి చూసి, ఇందులో ఏముందని తుడిచేశారేమో. అలాగైనా, తుడిచింది నా బొమ్మే అవుతుంది.

రోజు 155

గాలి నైరుతి, ఓ మోస్తరు. రెక్కలు తిరుగుతున్నాయి.

ఇతర విషయాలు: మేడం రాశారు. మొత్తం ఎక్కిస్తున్నాను.

"అమ్మాయ్, ఆలస్యమైంది. మొదటి రోజు కోపం వచ్చి వేయలేదు. రెండో రోజు పట్టుదలకు కూర్చున్నాను. నడుము పట్టేసింది. గ్లాసు రెండుసార్లు చెరిపాను. నువ్వు 'వెనక్కి' అన్నావు, నేను ముందుకు పెట్టాను. మొదటి ఏడాది పిల్లలు చుట్టూ చేరి నీ మాటలు పైకి చదువుతుంటే వేశాను. పై గీత నిజంగానే వంకర పోయింది.

అయిపోయాక నువ్వన్నట్టే సుద్ద పక్కన పెట్టాను. మిగిలిన క్లాసు నేలంతా ఖాళీగా ఉంది. నాకు మూలన ఒక పక్షి వేయాలనిపించింది, నిజం చెబుతున్నాను. వేయలేదు.

పిల్లలు ఆ ఖాళీ చుట్టూ గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ దాని మీద కాలు పెట్టలేదు. చాలాసేపయ్యాక ఒక పాప అడిగింది, 'అక్క రోజూ ఒక్కతే తింటుందా మేడం?' అని. నిన్నే అడుగుతానన్నాను. నువ్వు చెప్పు.

ఇంకొకటి. పై గీత అంచు దాకా అన్నావు. అది తలుపు దగ్గరికి వచ్చేసింది. ఏ అంచు? గడప దగ్గర ఆపమంటావా, బయటికి పోనివ్వమంటావా? నువ్వు చెప్పేదాకా తుడవనివ్వను. ఈ రోజు క్లాసు వరండాలో పెట్టుకున్నాం."

ఏ అంచు అని అడిగారు. నాలుగు రోజుల కిందట అయితే వాళ్లే ఏదో ఒక అంచు అనుకునేవారు. బయటికి వెళ్లి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. అది మర చుట్టూ తిరిగి నా వీపు దగ్గరికే వస్తుంది, నాకు తెలుసు. కాని అక్కడ కూర్చుని తింటుంటే అలా కనబడదు. ఎటో వెళ్లిపోతున్నట్టే ఉంటుంది.

రోజు 156

గాలి నైరుతి. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం మళ్లీ నడుస్తోంది. మూడో కాలికి గుల్లలు.

ఇతర విషయాలు: పొద్దున ఎనిమిదికి పంపినవి.

"గడప దాటించండి మేడం. వరండా చివరిదాకా పోనివ్వండి, అక్కడ మెట్లుంటే మెట్ల మీద కూడా. పాపతో అవునని చెప్పండి, ఒక్కదాన్నే తింటాను. ఈ రోజు చింతపండు పులుసు, ఎండుచేప. ఆ పాప పేరు రాయండి."